రూతు తీసిన దుప్పి

దయ్యాలను నమ్మితే నా పొట్ట గడవదు. కాగజ్‌నగర్‌లో ఫొటో స్టూడియో నడుపుతున్నవాణ్ణి. చీకటిగదిలో, ఎర్రదీపం కింద, తెల్లకాగితం మీద మనుషులు మెల్లగా తేలిరావడం నాకు రోజూ చూసేదే. వాళ్లలో చనిపోయినవాళ్లూ ఉంటారు. ముక్కు వంకరగా వచ్చిందని వాళ్ల బంధువులు కొట్లాటకు వస్తారేమోనన్నదే నా భయమంతా.

ఎనభైల్లో అటవీశాఖవాళ్లు బడిపిల్లలకు అడవి జంతువుల ఫొటో పోటీ పెట్టారు. మోసం జరగకుండా ప్రింటుతోపాటు నెగెటివ్ కూడా పంపాలి. మా వీధిలో తొమ్మిదో తరగతి చదివే రూతు వచ్చి నా పాత డబ్బా కెమెరా అడిగింది. వాళ్ల బాపు వాగవతల అడవిలో చెట్లు కొట్టే కూలి.

"కాకా, గా మడుగు కాడికి దుప్పులొస్తయి. బాపోళ్ల మేస్త్రీ గా దిక్కు జంతువే లేదంటుండు. చెట్లు మొత్తం కొట్టేస్తరట. పెద్దసార్లు ఫొటో జూస్తే ఆపుతరు గదా?"

"ఆపుతరు తియ్యి బిడ్డా" అన్నాను. నాకేం తెలుసని! నా వన్యప్రాణి అనుభవమంతా మా బావమరుదుల విందు ఫొటోలే.

వారం తిరక్కుండా రీలు తెచ్చింది. నేనే కడిగి, మూడేసి ఫొటోల ముక్కలుగా కత్తిరించాను. ఒక ముక్కలో మొదటిది వాగు ఒడ్డు, చివరిది వాళ్ల బాపు. నడుమ, మడుగులో మూతి పెట్టిన దుప్పి, పక్కన దాని పిల్ల. దుప్పి కన్నా పొదే ఎక్కువ పడింది గానీ చెవులు, చుక్కలు స్పష్టం. రెండు ప్రింట్లు తీశాను. ఒకటి పోటీకి, ఒకటి నా గోడకు. నెగెటివ్‌ను కిటికీ వెలుగుకు పట్టి చూపిస్తే రూతు చూసింది, వాళ్ల బాపు చూశాడు. ముగ్గురం చూశాం. కవరు అంటించి రిజిస్టర్ పోస్టు చేసింది కూడా నేనే.

నాలుగు నెలలకు నెగెటివ్ ఒక్కటే ఒక చీటీతో తిరిగొచ్చింది. నెగెటివ్ ఖాళీగా ఉంది, ఫొటో చెల్లదు అని అందులో రాశారు.

ఒళ్లు మండి, ముక్కను కిటికీకి పట్టాను. వాగు ఉంది. బాపు ఉన్నాడు. నడిమి గడి గాజుపలకలా ఉంది. దుప్పి లేదు, పిల్ల లేదు, ఆఖరుకు పొద కూడా లేదు.

రీలు కడిగే మందు పట్టలేదనుకుందామంటే అటూ ఇటూ ఫొటోలు శుభ్రంగా ఉన్నాయి. ఎవరో మార్చారనుకుందామంటే అంచున నా కత్తెర వంకర అలాగే ఉంది. అంత వంకరగా కోయడం ఈ జిల్లాలో ఇంకెవరికీ రాదు.

ఆదిలాబాద్‌లో వాళ్ల ఆఫీసు దాకా పోయి మొరపెట్టుకున్నాను. గుమాస్తా ముక్కను అటూ ఇటూ తిప్పాడు.

"లేని దుప్పిని ఫొటోల దించినవంటే, అన్నా, ప్రైజు పోరికెందుకు, నీకే ఇయ్యాలె!"

బస్సులో ఇల్లు చేరేదాకా వాడికి జవాబులు చెప్పుకుంటూనే ఉన్నాను.

"దుప్పి ఉండె గద కాకా? నువ్వు జూసినవ్ గదా?" అంది రూతు.

"చూసిన బిడ్డా. చెప్పిన. ఇనలే."

ఆ పిల్ల మళ్లీ కెమెరా అడగలేదు. ఆ నాలుగు నెలల్లోనే మడుగు చుట్టూ చెట్లన్నీ కొట్టేశారట. ఆ కూలికి వెళ్లింది వాళ్ల బాపేనని తర్వాత తెలిసింది.

ఏం జరిగిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. గోడమీది ప్రింటు మాత్రం చెక్కుచెదరలేదు. దాన్నే ఫొటో తీసి కొత్త నెగెటివ్ చేసుకోవచ్చు కదా అంటారు. తీశాను కూడా. ఆ రీలు ఏళ్లుగా డబ్బాలోనే ఉంది. కడిగి చూసే ధైర్యం రావడం లేదు.