నా బుగ్గలో మేడం చూసిన మచ్చ

మా బడి సైన్సు మేడం ఇక లేరు. నాకు పులివెందుల బస్టాండులో తెలిసింది. అరటిపండ్లు అమ్ముతున్న పాత విద్యార్థి ఒకడు నన్ను చూసి, "మామా, మేడం పోయింది. నిన్ననే మట్టి చేసినారు. నీకెవురూ చెప్పలేదా?" అన్నాడు. మా ఊరికి పోయే తొండూరు బస్సు వచ్చింది, పోయింది. నేను ఎక్కలేదు.

నేను ఆ బడిలో అటెండరుగా చేశాను; పిల్లలంతా నన్ను మామా అనేవాళ్లు. చదివింది ఐదో తరగతి. రాయడం అలవాటు లేదు. అయినా ఆమె గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి.

మేడం రోజూ బస్సులో వచ్చేవారు. సంచిలో బైబిలు, టిఫిన్ డబ్బా, పాఠానికి ఒక ఎర్రగడ్డ, అదే ఉల్లిపాయ. దాని పలచటి పొర తీసి, గాజు ముక్క మీద పరిచి, మైక్రోస్కోపు కింద పెట్టేవారు. దాని అద్దాన్ని కిటికీ ఎండకు తిప్పడం నా పని. ఏళ్ల తరబడి అద్దం తిప్పానే గానీ, ఒక్కసారీ లోపలికి చూడలేదు. అడగడానికి సిగ్గు.

ఒకరోజు బుగ్గ లోపల పుల్లతో గీకితే కణాలు వస్తాయని చెప్పి, ఎవరొస్తారని అడిగారు. ఎంగిలి పని గదా, ఒక్కరూ లేవలేదు. మేడం నా వైపు తిరిగారు.

"నువ్వు రాప్పా. సిగ్గుపడాకు, నోరు తెరువు."

తెరిచాను. గీకుతున్న చేయి ఒక్క క్షణం ఆగింది. పుల్లకు అంటింది గాజు మీద రాసి, నీలిరంగు చుక్క వేసి, మొదట నన్నే చూడమన్నారు. చిన్న చిన్న దోసెల్లాంటివి కనబడ్డాయి. ఒక్కోదాని నడుమ ఒక చుక్క.

"పురుగులా మేడం?"

"మామ నోట్లో పురుగులంట్రా!" అని పిల్లలు పడిపడి నవ్వారు.

"పురుగులు కాదప్పా, నువ్వే. ఇట్లాంటివన్నీ కలిస్తేనే నువ్వు. పాతవి రాలిపోతాంటాయి, ఉన్నవి రెండుగా చీలి కొత్తవి అయితాంటాయి. బయట యాడినుంచో రావు."

గంట కొట్టాక వరండాలోకి పిలిచారు. "బుగ్గలో తెల్లమచ్చ ఉండాది. పొగాకు నములుతాండావు గదా?"

"నొప్పేం లేదు మేడం."

"అదే నా భయం. కణానికి చీలడమూ తెలియాల, ఆగడమూ తెలియాల. ఆగడం మరిచిపోతే క్యాన్సరు. పెద్దాసుపత్రిలో చూపిద్దాం."

వారం రోజులు ఆమెకు కనబడకుండా తిరిగాను. ఆదివారం చర్చి అయ్యాక నేరుగా మా ఇంటికే వచ్చి, నా భార్యతో, "వీడు వినడమ్మా, నువ్వన్నా చెప్పు" అన్నారు. నా భార్య సంచిలో నా బట్టలు సర్దింది.

మరునాడు ముగ్గురమూ కడపకు పోయాం. డాక్టరు బుగ్గలో చిటికెడు కండ తీశాడు. నేను మేడం వైపు తిరిగాను.

"దాన్నేం చేస్తారు మేడం?"

"గాజు మీద పెట్టి చూస్తారు. నీకు తెలిసిన పనేలే."

ఆ మాటతో కొంచెం ధైర్యం వచ్చింది. ఇంకా ముదరలేదని తేలింది. ఆ మచ్చ తీసేశారు. పొగాకు మానేశాను. ఆ తర్వాత మేడం బస్సు దిగగానే, అందరి ముందే, "ఏదీ, నోరు తెరువు" అనేవారు. ఒక్కనాడూ థాంక్సు చెప్పలేకపోయాను. చెప్పాలనిపించినప్పుడల్లా పోయి మైక్రోస్కోపు అద్దం తుడిచేవాణ్ణి.

నాలుక ఇప్పటికీ ఆ చోటికే పోతుంది. నున్నగా ఉంది. ఆ రోజు మేడం చూసిన కణాలు ఎప్పుడో రాలిపోయాయి. వాటి పక్కనున్నవాటికి పుట్టినవి, మళ్లీ వాటికి పుట్టినవి ఇప్పుడక్కడ ఉన్నాయి. బస్టాండు బల్ల మీద కూర్చుని, నోరు మూసుకుని, వాటినే నాలుకతో తడుముకుంటూ ఉండిపోయాను. రెండో బస్సు కూడా పోయింది.