సీసీ కెమెరా మేడమ్ పెట్టిన ఎర

ల్యాబ్ మేడమ్‌కి ఎవరి మీదా నమ్మకం లేదు. పొద్దున ఇంటికి తాళం వేసి, లాగి చూసి, నాలుగు మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి ఇంకోసారి లాగి చూస్తుంది. "ఆ తాళం ఏదో ఒకరోజు దొంగల చేతిలో కాదు, నీ చేతిలోనే ఊడుతుంది" అంటాడు భర్త. ఆయన కళ్ళద్దాల షాపులో పనిచేస్తాడు. ఊళ్ళో అందరి చూపూ సరిచేసే మనిషే, పెళ్ళాం చూపు మాత్రం ఇన్నేళ్ళైనా సరిచేయలేకపోయాడు.

కాలేజీలో పిల్లలు ఆవిడకి 'సీసీ కెమెరా' అని పేరు పెట్టుకున్నారు. ఆ సంగతి ఆవిడకి మొదటివారమే తెలిసిపోయింది. తెలియకపోతే ఇంక సీసీ కెమెరా ఏమిటి!

ఆ సంవత్సరం పిల్లల ప్రోగ్రాములకి మార్కులు మెషీన్లే వెయ్యాలని హెచ్‌ఓడీ గారు తేల్చేశారు. అప్పటిదాకా ప్రోగ్రామింగ్ సారూ ఆవిడా కూర్చుని నూట ఇరవైమంది రాసినవి ఒక్కొక్కటీ తెరిచి చూసేవారు. మొదటి ఇరవై సారు శ్రద్ధగా చూసేవాడు, ఆ తర్వాత ఆవలింతలే. అందుకని ల్యాబ్ పక్కన విరిగిన కుర్చీలు పడేసే స్టోర్‌రూమ్‌ని ఖాళీ చేయించి, ఆవిడ ఒంటిచేత్తో అందులో మూడు సర్వర్లు నిలబెట్టింది. మొదటిది గుమాస్తాలాంటిది: ఎవరు, ఎప్పుడు, ఏం పంపారో రాసుకుంటుంది. మిగతా రెండూ ఆ ప్రోగ్రాముల్ని నడిపించి, వచ్చిన జవాబుని గుమాస్తాకి అందిస్తాయి. దాన్ని అసలు జవాబుతో పోల్చి మార్కు వేసేది గుమాస్తానే.

"ముక్కూ మొహం తెలియనివాడు రాసిన ప్రోగ్రాముని మన మెషీన్‌లో నడపడమంటే, వాడికి ఇంటి తాళాలిచ్చి మనం సినిమాకి పోవడమే సార్" అనేది ఆవిడ. అందుకే ఒక్కో ప్రోగ్రామునీ విడిగా బంధించి నడిపేది. బయటికి ఇంటర్నెట్ ఉండదు. రెండు సెకన్లు దాటితే పీక నొక్కేస్తుంది. అసలు జవాబులు గుమాస్తా మెషీన్‌లోనే ఉంటాయి, పక్కవాటికి ఆ దారే తెలియదు.

ఇన్ని చేసినా మొదటి అసైన్‌మెంట్‌లో ఎవడో తెలివైనవాడి ప్రోగ్రాము జవాబుల కోసం మెషీనంతా తడిమింది. దానికేమీ దొరకలేదు. కానీ ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. పంపినవాడు పక్కవాడి లాగిన్‌తో పంపాడు, పక్కవాడేమో ఆ రోజు జ్వరంతో ఇంట్లో పడుకున్నాడు. చివరికి ఎవరన్నదీ తేలలేదు.

"సరే, ఈసారి మీరు వెతకక్కర్లేదు నాయనా, నేనే వడ్డిస్తా" అనుకుంది మనసులో. రెండో అసైన్‌మెంట్‌కి 'జవాబులు' అనే పేరుతో ఒక ఫైలు తయారుచేసింది. అందులో నలభై నాలుగు పిచ్చి అంకెలు. ప్రోగ్రాముల్ని పరీక్షించడానికి వాడే ప్రతి ఫోల్డర్‌లోనూ దాన్ని కనబడేలా పెట్టి కాపలా వేసింది. ఏ ప్రోగ్రాము ఆ ఫైలు తెరిచినా లాగ్‌లో, అంటే గుమాస్తా మెషీన్ రాసుకునే చిట్టాలో, ఒక ఎర్రగీత పడుతుంది. సంగతి హెచ్‌ఓడీకి చెప్పలేదు. సారుకి అసలే చెప్పలేదు. ఆయన మంచివాడే కానీ నోట్లో నువ్వుగింజ నానదు.

ఆ అసైన్‌మెంట్‌లో సారు ఇచ్చిన ప్రశ్న ఇది: ఇచ్చిన ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్ళన్నీ చదివి, మొత్తం ఎన్ని మాటలున్నాయో లెక్కపెట్టి చెప్పాలి. నమూనాగా ఒక ఫోల్డర్ కూడా ఇచ్చాడు. అందులో 'ఒకటి', 'రెండు', 'మూడు' అని మూడు ఫైళ్ళు.

మంగళవారం మధ్యాహ్నం ఆకుపచ్చ సంచి తగిలించుకున్న అమ్మాయి ఒకతె ల్యాబ్ గుమ్మం దగ్గరికొచ్చింది. పోయిన సంవత్సరం ఇదే సబ్జెక్టు తప్పి మళ్ళీ కూర్చున్న పిల్ల. ఇదే ఆఖరి అవకాశం.

"మేడమ్, ఫోల్డర్‌లో ఎన్ని ఫైళ్ళుంటాయి?"

"నీకెందుకు?"

"మూడే ఉంటాయా, ఇంకా ఉండొచ్చా అని..."

"ప్రశ్నలో ఏముందో అది చెయ్యి."

"అలాగే మేడమ్."

ఆ 'అలాగే' ఆవిడకి నచ్చలేదు. మామూలుగా పిల్లలు ఇంకాసేపు వాదిస్తారు. ఇంత తొందరగా ఒప్పుకుందంటే ఏదో ఉంది.

మర్నాడు అదే అమ్మాయి స్టోర్‌రూమ్ అద్దాల కిటికీ పక్కన నిలబడి కనిపించింది.

"ఇక్కడేం చేస్తున్నావు?"

"బస్సుకి టైముంది మేడమ్..."

"అయితే? బస్సు స్టోర్‌రూమ్‌లోకి వస్తుందా?"

ఆ పిల్ల నీళ్ళు నమిలి వెళ్ళిపోయింది. ఆవిడ మాత్రం గది తలుపు లాగి చూసింది, రెండుసార్లు.

శుక్రవారం పొద్దున లాగ్ తెరిస్తే, నూట ఇరవైమందిలో ఎర్రగీత పడింది ఒక్కరికే. ఆకుపచ్చ సంచి.

నిజం చెప్పాలంటే ఆవిడకి సంతోషం వేసింది. జ్వరంవాడి లాగిన్ దగ్గర పోయిన పరువు తిరిగొచ్చినట్టనిపించింది. కాగితం మీద రాసి, సంతకం చేసి, హెచ్‌ఓడీ బల్లమీద పెట్టింది. సోమవారం పదకొండింటికి విచారణ అన్నారు. రెండోసారి కూర్చున్నవాళ్ళు కాపీ చేస్తూ దొరికితే కోర్సులోంచి పేరు కొట్టేస్తారు, దానికి ఇంక అప్పీలు లేదు.

"ఆ అమ్మాయి అలాంటిది కాదనుకుంటా మేడమ్" అన్నాడు సారు.

"మీరనుకుంటే సరిపోతుందా సార్? లాగ్‌లో ఉంది."

"మరి జవాబులు చూస్తే మార్కులు రావాలిగా? సున్నా వచ్చిందే!"

"నేను పెట్టినవి తప్పుడు జవాబులు. వాటినే దించి ఉంటుంది."

"మీరు పెట్టారా? ఎప్పుడు?"

ఆవిడ తాళాల గుత్తి తీసుకుని లేచి వెళ్ళిపోయింది.

ఆదివారం ఇంట్లో చిన్న గొడవ జరిగింది. ఎనిమిదో తరగతి చదివే కూతురు ఫోన్ ముట్టుకుంటోందేమోనని ఆవిడ టేబుల్ మీద ఫోన్ చుట్టూ సన్నగా పెన్సిల్ గీత గీసి ఉంచింది. స్నానం చేసి వచ్చి చూస్తే ఫోన్ గీత దాటి ఉంది.

"ముట్టుకున్నావు కదూ!"

"టేబుల్ తుడవమన్నది నువ్వే కదమ్మా! ఫోన్ జరక్కుండా ఎలా తుడుస్తారు?" అని ఆ పిల్ల బావురుమంది. "చెప్పిన పని చేస్తే కూడా దొంగనేనా?"

భర్త పేపర్ మడిచి ఆవిడ వైపు చూశాడు. ఆ చూపు గుచ్చుకుంది. కూతుర్ని దగ్గరికి తీసుకోబోతే విదిలించుకుని లోపలికి పోయింది. ఆ పూటంతా చెప్పిన పని, చెప్పిన పని అన్నమాటే ఆవిడ చెవుల్లో తిరిగింది.

సోమవారం అందరికంటే ముందు కాలేజీకి వెళ్ళి, మూడురోజులుగా చెయ్యని పని చేసింది. ఆకుపచ్చ సంచి అమ్మాయి రాసిన ప్రోగ్రాము తెరిచి చదివింది. అంతా కలిపి పదిహేను లైన్లు. 'జవాబులు' అన్న మాట ఎక్కడా లేదు. తడమడం లేదు, వెతకడం లేదు. ఫోల్డర్ తెరువు, ఎన్ని ఫైళ్ళుంటే అన్నీ చదువు, మాటలు లెక్కపెట్టు. అంతే. ప్రశ్నలో ఏముందో అది.

ఆ అమ్మాయి జవాబుల్ని అసలు జవాబుల పక్కన పెట్టి చూసింది. ప్రతి పరీక్షలోనూ లెక్క నలభై నాలుగు ఎక్కువ.

ఎర ఫైల్లో తను పెట్టిన నలభై నాలుగు అంకెల్నీ ఆ ప్రోగ్రాము మాటలుగానే లెక్కపెట్టింది. మిగతా నూట పంతొమ్మిదిమందివి వరసగా తెరిచింది. అందరూ నమూనా చూసి 'ఒకటి', 'రెండు', 'మూడు' అని పేర్లు రాసేసి ఆ మూడే చదివారు. ఫోల్డర్‌లో ఇంకేముందో చూసినవాళ్ళే లేరు. వాళ్ళకి నిండు మార్కులు. ప్రశ్న సరిగ్గా చదివిన ఒకే ఒక్క పిల్లకి సున్నా, పైన ఎర్రగీత.

టైము పదిన్నర. 'సరిగా రుజువు కాలేదు, వదిలేద్దాం' అంటే ఎవరూ తరచి అడగరు, పరువు దక్కుతుంది. ఆ ఆలోచన వచ్చిన మాట నిజం. కానీ అలా వదిలేస్తే ఆ పిల్ల జీవితాంతం రుజువు కాని దొంగగా మిగిలిపోతుంది. ఒక అనుమానం ఎంతకాలం బతుకుతుందో ల్యాబ్ మేడమ్‌కి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

హెచ్‌ఓడీ గదిలో సారు ఒక మూల కూర్చున్నాడు. ఆకుపచ్చ సంచిని గుండెలకి హత్తుకుని ఆ అమ్మాయి గోడకి ఆనుకుని నిలబడింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఈ అమ్మాయి తప్పేం లేదు సార్. తప్పు నాది" అని మొదలుపెట్టి, ఎర ఫైలు సంగతి నుంచి నలభై నాలుగు అంకెల దాకా అంతా చెప్పింది ఆవిడ.

"మరి మిగతావాళ్ళు?" అన్నారు హెచ్‌ఓడీ.

"వాళ్ళు ప్రశ్న చదవలేదు సార్."

"ఆ ఫైలు పెట్టేముందు మాతో ఒక్క మాట అనుంటే సరిపోయేది కదా."

"బయటికి పొక్కుతుందని..."

"మా నుంచా?"

ఈసారి నీళ్ళు నమలడం ఆవిడ వంతైంది. హెచ్‌ఓడీ ఆ కాగితం చింపేసి, నిండు మార్కులు వెయ్యమన్నారు.

వరండాలో ఆవిడ ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుంది. "నన్ను క్షమించమ్మా. చాలా పెద్ద పొరపాటు చేశాను."

"పర్వాలేదు మేడమ్."

"ఆ రోజు స్టోర్‌రూమ్ దగ్గర ఎందుకు నిలబడ్డావు?"

"ఫైళ్ళ సంగతి ఇంకోసారి అడుగుదామని వచ్చాను. మిమ్మల్ని చూస్తే భయమేసింది."

ఆవిడకి తల కొట్టేసినట్టైంది. ఆ మధ్యాహ్నమే ఎర ఫైలుని అన్ని చోట్లా తుడిచేసింది. ఇంటికెళ్ళి టేబుల్ మీది పెన్సిల్ గీత కూడా తుడిచేసింది.

సారు కూడా పాఠం నేర్చుకున్నాడు. మూడో అసైన్‌మెంట్‌లో కూడా 'ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్ళన్నీ' అనే రాసి, నమూనాలో మూడే ఇచ్చి, అసలు పరీక్షలో మాత్రం ఐదు ఫైళ్ళు పెట్టించాడు. పేర్లు పట్టుకుని వేలాడేవాళ్ళు ఈసారి దొరికిపోతారు. ఆకుపచ్చ సంచి అమ్మాయికి మాత్రం ఢోకా లేదని ఆవిడ మురిసిపోయింది.

గడువు రోజున ఆ అమ్మాయి ల్యాబ్‌లో కిటికీ పక్క మెషీన్ ముందు కూర్చుని ఉంది. అటుగా వెళ్తూ ఆవిడ తెరమీదికి తొంగి చూసింది. ప్రోగ్రాములో కొత్తగా ఒక లైను చేరింది: ఫైలు పేరు 'ఒకటి', 'రెండు', 'మూడు'లో ఒకటి కాకపోతే దాన్ని ముట్టుకోకు.

ఆవిడ నోరు తెరవబోయి ఆగిపోయింది. పరీక్షలో ఏముందో చెప్పే హక్కు ఆవిడకి లేదు. చెప్పకుండా ఉండడానికి మనసొప్పడం లేదు.

"ఈసారి నేను ఏ ఎరా పెట్టలేదమ్మా, ఒట్టు" అంది.

ఆ అమ్మాయి తలెత్తి ఆవిడ మొహంలోకి చూసింది. ఆ చూపు ఆవిడ బాగా ఎరిగినదే. తాళం లాగి చూసేటప్పుడు తను చూసే చూపు.

"ప్రశ్నలో ఏముందో అది చెయ్యి తల్లీ" అంది ఆవిడ, బతిమాలుతున్నట్టు.

"పోయినసారి అదే చేశాను మేడమ్" అని, ఆ అమ్మాయి పంపే బటన్ నొక్కేసింది.