గురువారం చూసిన రంగు

అరోరా ఊళ్లో మా గుడి అనగానే నాకు ముందు వినిపించేది గంట కాదు, కింద హాల్లో ఇనుప మడత కుర్చీలు విప్పే చప్పుడు. ఎనభైలు సగం దాటాక, ఆదివారం ఉదయాల్లో అక్కడ మన డాక్టరమ్మ ఒకామె ఉచితంగా జనాన్ని చూసేది. పిల్లల దగ్గరికొచ్చిన పెద్దవాళ్లలో చాలామందికి ఇన్సూరెన్స్ ఉండేది కాదు. ఆయాసమొచ్చినా, కాలు వాచినా ఆ హాలే వాళ్ల ఆసుపత్రి.

తమ్ముడి పిల్లల్ని చూసుకోవడానికి ఈ దేశం వచ్చినదాన్ని నేను. అప్పటికి నలభై ఏడేళ్లు, ఒక్క అక్షరం రాదు. కుర్చీలు వేయడానికి వెళ్తే డాక్టరమ్మ ఇంకో పని కూడా అప్పగించింది. వేలి చివర సూదితో పొడిచి, రక్తపు బొట్టు ఒక కాగితపు పట్టీ మీద పెట్టి, కాసేపాగి తుడిచి, మారిన రంగుని పట్టీల సీసా మీది రంగులతో పోల్చి చెప్పాలి. లేతరంగైతే షుగరు అదుపులో ఉన్నట్టు, ముదురు పచ్చైతే లేనట్టు.

"చదవక్కర్లేదక్కా, చూస్తే చాలు," అంది.

మా ఇంటికి రెండు వీధుల అవతల, కూతురి దగ్గరుండే ఒక రిటైరైన టీచరుగారు కూడా వచ్చేవారు. తన వంతు వచ్చేదాకా ఖాళీగా కూర్చోలేక నాకు అక్షరాలు నేర్పడం మొదలుపెట్టారు. "అది పెన్సిలమ్మాయ్, చీపురు కాదు! అంత గట్టిగా ఊడ్వకు," అనేవారు. కోపమొచ్చేది. అయినా ఆదివారం ఎప్పుడొస్తుందా అని చూసేదాన్ని.

ఆవిడ కుడికాలి చిటికెన వేలి దగ్గర పుండు ఉండేది. దసరాలకి ముందు లేచింది, మంచు పడే రోజులొచ్చినా మానలేదు. ప్రతి ఆదివారం షుగరు పట్టీ మాత్రం లేతరంగే చూపించేది.

"షుగర్ కంట్రోల్‌లోనే ఉంది, మరి ఎందుకు హీల్ అవట్లేదు? ఇలాగే ఉంటే కాలు దక్కదక్కా," అని డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి అంది.

ఆ బుధవారం నా పలక చూపించడానికి వాళ్లింటికి వెళ్లాను. ఆవిడ మారు మీద మారు అన్నం కలుపుకుని తిని, ఆపైన జామ్ రాసిన బ్రెడ్డు తింటున్నారు. "షుగరు బాగుందన్నారుగా," అన్నారు నా చూపు కనిపెట్టి.

ఇంటికి నడుస్తుంటే తట్టింది. శనివారం ఆవిడ ఒక్కపొద్దు. ఆదివారం షుగరు చూపించుకుని, పైన దర్శనం అయ్యేదాకా మంచినీళ్లే. నేనూ అంతే, ఆ కుర్చీల్లో కూర్చునే సగం మందీ అంతే. అది చెప్పాల్సిన సంగతని మాకెవరికీ అనిపించలేదు. డాక్టరమ్మ పసితనంలోనే ఈ దేశం వచ్చిన పిల్ల, మా శనివారాల సంగతి ఆమెకి తెలియదు.

మరునాడు గురువారం. నా దగ్గరే ఉంచిన పట్టీల సీసా, సూది కొంగులో కట్టుకుని, ఆవిడ భోజనం అయ్యాక వెళ్లాను.

"ఏమిటే, నన్నే పరీక్ష చేస్తావా? ఆదివారం పాసయ్యానుగా."

"ఏడాదంతా ఆడుకుని, పరీక్ష ముందురోజు పుస్తకం పట్టే పిల్లల్ని మీరేమనేవారు టీచరుగారూ?"

ఆవిడ వేలు చాపారు. రంగు సీసా మీది ఆఖరి ముదురు పచ్చ గడి దాకా వెళ్లింది.

"దేవుడి కోసం ఉండే ఉపవాసాన్ని పరీక్ష ముందు బట్టీ అంటావా?"

"ఉపవాసం మంచిదేనండీ. మిగతా రోజుల సంగతి కూడా డాక్టరమ్మకి తెలియాలిగా."

"తెలిస్తే ఆసుపత్రిలో చేరమంటుంది. అల్లుడి మీద ఆ భారం వేయలేనమ్మాయ్."

"కాలు పోతే ఇంతకన్నా భారం కాదూ?"

ఆవిడ మొహం తిప్పుకున్నారు, కానీ నేను డాక్టరమ్మకి ఫోన్ చేస్తుంటే ఆపలేదు. సాయంత్రానికి డాక్టరమ్మ వచ్చింది. ఎవరెవర్ని బతిమాలిందో, తాను పనిచేసే ఆసుపత్రిలోనే ఉచితంగా చేర్పించింది. చిటికెన వేలు తీసేశారు. కాలు దక్కింది.

ఆ తర్వాత షుగరు చూడటం బుధవారం మధ్యాహ్నానికి మార్చారు. హాలు తలుపు మీద అతికించడానికి "అన్నం తిని రండి" అని అట్టమీద రాసింది నేనే. నలుగురు చదివేలా నేను రాసిన మొదటి మాటలవి.

ఉగాది వెళ్లాక టీచరుగారు చేతికర్రతో మెల్లగా మెట్లు దిగి వచ్చారు. అట్టముందు చాలాసేపు నిలబడ్డారు.

"ఎన్ని మార్కులండీ?"

"అయిదుకి నాలుగు," అన్నారు. తర్వాత మేజోడు తొడిగిన కుడికాలు కొంచెం ముందుకి జరిపి, "దీనికీ అంతే," అని నవ్వారు.

నేను కుర్చీ విప్పి వేశాను. ఆవిడ కూర్చుని, అడక్కముందే వేలు చాపారు.

"ముందు నా సంగతి చూడు. నీ ఒత్తులు తర్వాత చూస్తాను."