రాజనర్సు మడిచిన పారాచూట్

రాజనర్సు సాధించినవి చెప్పుకుంటూ పోతే ఒక పూట చాలదు. సిరిసిల్ల పక్క పల్లెలో ఏడో తరగతి దాకా చదివి, దస్తూరీలో బడి మొత్తానికి మొదటివాడనిపించుకున్నాడు. పదహారేళ్లకే మగ్గం మీద తండ్రిని మించాడు. కరెంటుతో నడిచే సాంచెలొచ్చి చేతిమగ్గాలు మూలపడ్డాక బహ్రెయిన్ చేరి, తుబ్లీలోని కూలీల క్యాంపులో నలభై మందికి సంతకం నేర్పాడు. అక్కడున్న పద్నాలుగేళ్లలో అతని మీద ఒక్క మాట పడలేదు. ఈ చివరి సంగతి మాత్రం రోజుకొకసారి చెప్పేవాడు, వినేవాడున్నా లేకపోయినా.

రెండువేల అయిదు చలికాలంలో ఆ పేరుకే ముప్పొచ్చింది.

పరాయి దేశపు సైన్యమొకటి దక్షిణాన ఎడారిలో ఉత్తుత్తి యుద్ధం చేస్తోంది. వాడకంలో లేని విమానాల మైదానమొకటి ఉందక్కడ. కమాండోలు ఆకాశం నుంచి దూకి దాన్ని పట్టుకోవాలి. వాళ్లు వదిలేసిన పారాచూట్లు ఏరి సంచుల్లో కుక్కే పని రాజనర్సు కంపెనీకి వచ్చింది. పన్నెండు మందినీ తీసుకెళ్లినవాడు సూపర్‌వైజర్ బెన్‌హర్, కాకినాడ వైపువాడు.

తెల్లవారుతుండగా విమానాలొచ్చాయి. ఆకాశం నిండా గొడుగులు విచ్చుకున్నాయి. కింద పడ్డవాళ్లు పట్టీలు విప్పుకుని, ఖాళీ తుపాకులు పేలుస్తూ మైదానంలోని కట్టడం వైపు పరుగెత్తారు. అక్కడ శత్రువుల వేషం వేసినవాళ్లను బోర్లా పడేసి చేతులు కట్టారు. మైదానం అరగంటలో వాళ్లదైపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు.

రాజనర్సు కొట్టలేదు. అతని చూపంతా నేల మీదే ఉంది. అంత సన్నని, అంత గట్టి నేత అతను జన్మలో చూడలేదు. ఆ బట్ట మీద బూట్లు నడుస్తున్నాయి, జీపు చక్రాలు తిరుగుతున్నాయి.

"థూ! బట్టను తొక్కుతరా ఎవడన్నా? నేసినోడు చూస్తే ఏడుస్తడు," అన్నాడు.

"వాళ్లకు గిదొక లెక్కనా కాకా? ఒక్కటి పోతే పది తెస్తరు. నడువు," అన్నాడు పక్కనున్న భూమేష్. అతనిది పక్క ఊరే. పదో తరగతి పాసైనవాడు, కాస్త ఇంగ్లీషు వచ్చు.

మైదానం అంచున ఒక సిపాయి పడిపోయి ఉన్నాడు. కాలు విరిగినట్టుంది. అతన్ని అంబులెన్సులో తీసుకుపోయారు. పారాచూట్ మాత్రం తాళ్లు మెలిపడి అక్కడే ఉండిపోయింది. రాజనర్సు దాన్ని కుక్కలేకపోయాడు. తాళ్ల మెలికలు ఒక్కొక్కటే విప్పాడు. ఇసుక దులిపాడు. అంచుకు అంచు కలిపి, మగ్గం మీద నుంచి దించిన చీరను మడిచినట్టు మడిచాడు. అంత చక్కగా మడిచిన బట్ట ఆ మైదానంలో మరొకటి లేదు.

సైన్యం ఆఫీసరొచ్చి చూసి తల పట్టుకున్నాడు. మనిషి దెబ్బతింటే ఆ పారాచూట్‌ను పడ్డది పడ్డట్టే ఉంచాలట. ఎందుకు సరిగ్గా విచ్చుకోలేదో ఆ మెలికలు చూసే తేల్చాలట. ఇప్పుడు చూద్దామంటే మెలికల్లేవు.

ఈ సంగతి ముందురోజే బెన్‌హర్‌కు చెప్పారు. బెన్‌హర్ మనుషులకు చెప్పలేదు. పొద్దున కూడా బండిలో ఏసీ వేసుకుని పడుకున్నాడు. ఇప్పుడు ఇంగ్లీషు కాగితమొకటి పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"పెద్దాయనా, ఇక్కడో సంతకం పెట్టెయ్యండి. ఖలాస్, అయిపోద్ది."

"ఏముందిండ్ల?"

"ఏముంటుందండీ? మామూలు కాగితమే. బైబిలు మీద ఒట్టు."

"ఒట్టెందుకు సారూ? చదువు."

బెన్‌హర్ నసిగాడు. భూమేష్ కాగితం అందుకున్నాడు. కూడబలుక్కుని చదివి, గొంతు తగ్గించాడు.

"కాకా, నీకు ముందుగాల్నే చెప్పిండ్రట. నువ్వే మాట ఇనకుండ ముట్టినవట. గట్ల రాసున్నది."

రాజనర్సు ముఖం కుళ్లిన చేపను చూసినట్టయింది. తప్పు చేసినవాడి మీద కోపమొస్తుంది. ఆ తప్పునే తెల్లచొక్కా వేసుకొచ్చి మరొకడి చేతికి పూస్తుంటే మాత్రం ఒళ్లంతా కంపరమెత్తుతుంది.

"మడిచింది నేనే, ఒప్పుకుంట. నాకెవ్వడు చెప్పలే. భూమేషూ, నడువు. గా ఆఫీసరు సారుకు చెప్పు."

భూమేష్ కాళ్లవైపు చూసుకున్నాడు. అతని వీసా కూడా కంపెనీ చేతిలోదే, పైన సూపర్‌వైజర్ ఉన్నాడు. చివరికి కదిలాడు. వచ్చినంత ఇంగ్లీషులో ఉన్నదున్నట్టు చెప్పాడు. రాజనర్సు చెయ్యి గాలిలో తిప్పుతూ, తాను విప్పిన మెలికలు ఏడని, అన్నీ ఎడమవైపువేనని చూపించాడు. దారం పోగులు లెక్కపెట్టి బతికిన చెయ్యి అది, తప్పు చెప్పదు.

ఆఫీసరు ఏడు అని రాసుకున్నాడు. బెన్‌హర్ తన కాగితాన్ని తానే చించి జేబులో పెట్టుకున్నాడు. "ఓకే, ఓకే" అన్నాడు ఆఫీసరు. అంతే. ఎవరినీ ఏమీ అనలేదు. వెళ్తూ వెళ్తూ మడిచిన ఆ పారాచూట్‌ను సంచిలో పెట్టించాడు. పెట్టినవాడు మోకాలితో తొక్కి మరీ కుక్కాడు.

రాజనర్సు పేరు నిలిచింది. అయినా రెండు రోజులు అన్నం సయించలేదతనికి.

నెల తిరగకుండా మళ్లీ అదే డ్యూటీ వచ్చింది. బెన్‌హర్ క్యాంపుకొచ్చి, రాజనర్సు మంచం అంచున కూర్చున్నాడు.

"మీలాంటి పనోడు లేడండి రాజనర్సుగారూ. ఓవర్‌టైం కూడా రాయిస్తాను."

"వాళ్లు చెప్పిందంత ముందుగాల తెలుగుల చెప్పు. గా పన్నెండుమంది ముందర, నిలవడి."

బెన్‌హర్ నవ్వబోయి, ఆ ముఖం చూసి మానేశాడు. అందరినీ పిలిచాడు. నిలబడి చెప్పాడు. దెబ్బ తగిలితే ముట్టొద్దన్నాడు, ఆఫీసరొచ్చేదాకా ఆగాలన్నాడు. ఒకచోట తడబడితే రాజనర్సు మళ్లీ చెప్పించాడు, బడిపంతులు ఎక్కం అప్పజెప్పించుకున్నట్టు.

అంతా అయ్యాక తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు.

"మంచిగ ఇన్నరా? ఇగ పోండ్రి."

"మీరో?" అన్నాడు బెన్‌హర్.

"నేను రాను సారూ. బట్టను తొక్కేటోళ్ల కాడ నాకేం పని?"