కుశలం గారూ, ఓ డేటాబేస్ లైబ్రరీ

మా ఆఫీసులో ఒక సీనియర్ ఉండేవారు. ఏ సాఫ్ట్‌వేర్ పనిముట్టు ఎంచుకోవాలన్నా ముందు దాన్ని రాసినవాళ్ళు ఒంట్లో కులాసాగా ఉన్నారో లేదో కనుక్కునేవారు. పనిముట్టు ఎలా ఉందన్నది ఆయనకి తర్వాతి సంగతి. అందుకే మేం ఆయనకి కుశలం గారని పేరు పెట్టుకున్నాం.

అప్పట్లో మేం ఆసుపత్రులకు మందులు పంపే ఒక పెద్ద గోదాముకి సాఫ్ట్‌వేర్ తయారుచేస్తున్నాం. దాన్ని ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ భాషలో రాయాలని పైవాళ్ళు తీర్మానించారు. భాష చక్కనిదే. ఒక విలువకి పేరు పెట్టామంటే ఇక మధ్యలో ఎవరూ దాన్ని మార్చలేరు. చిక్కల్లా, వాడేవాళ్ళు తక్కువ. మిగతా భాషల్లో డేటాబేస్‌తో మాట్లాడే లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన కోడ్ మూట, కావాలంటే వెనక కంపెనీలుంటాయి. ఇక్కడ ఎక్కడో ఎవరో ఒకరు, ఇంటిపని అయ్యాక సరదాకి రాసి లోకానికి వదిలేసిన కోడే దిక్కు.

ఎంపిక మీటింగులు కిటికీ తెరుచుకోని ఒక గదిలో జరిగేవి. నేనొక లైబ్రరీ చూపించేవాణ్ణి.

“వేగం బాగుందండీ.”

“ఎవరు రాశారు?” అనేవారు కుశలం గారు.

“ఒకాయన.”

“ఒక్కరేనా? ఆయనకి జ్వరమొస్తే?”

నేను టెస్టింగ్ చూసే అక్క వైపు చూసేవాణ్ణి. అక్క గోడ వైపు చూసేది. డైరెక్టర్ గారు బల్లమీద తల ఆనించేవారు. వేగం, భద్రత, లైసెన్సు, అన్నిటికీ మా దగ్గర మార్కులున్నాయి గానీ జ్వరానికి లేవు.

ఇంకో లైబ్రరీ రాసినాయన కోడింగ్ మానేసి మేకలు పెంచుకుంటున్నాడని ఫోన్లో తేలింది. లైబ్రరీ వద్దనుకున్నాం. మేకల్ని మాత్రం కుశలం గారు వదల్లేదు. మేం వేరే పనిలో తలలు పట్టుకుని కూర్చుంటే, “చిన్నదానికి కాలు నయమైందట” అనేవారు. ఎవరికి అని అడిగే ఓపిక మాకుండేది కాదు. “సంతోషమండీ” అనేది అక్క, స్క్రీన్ మీంచి కళ్ళు తీయకుండా.

చివరికి అన్ని పరీక్షల్లోనూ నెగ్గిన డేటాబేస్ లైబ్రరీ ఒకటి దొరికింది. రాసింది ఒకావిడ. కుశలం గారు ఫోన్ పట్టుకుని వరండాలోకి వెళ్ళారు. మా కాఫీలు చల్లారాయి. మళ్ళీ తెప్పించుకున్నవీ చల్లారాయి. అప్పుడొచ్చారు.

“తీసుకుందాం. కానీ ఆవిడకి ఎవరూ ఏమీ రాయకండి. ఏ ఇబ్బందొచ్చినా నాకు చెప్పండి.”

“రాసినావిడ ఉండగా మీరెందుకండీ?” అన్నారు డైరెక్టర్.

“ఆవిడకి తీరిక లేదు.”

“మనకుందా?”

ఆయన చల్లారిన కాఫీ ఎత్తి తాగేశారు. ఆవిడతో మాటా మాటా వచ్చి ఉంటుందని మేం తేల్చేసుకున్నాం.

గోదాములో వాడకం మొదలైన రోజే లైబ్రరీ మొరాయించింది. ఆర్డర్లు ఎక్కువయ్యేసరికి స్క్రీన్లు బిగుసుకుపోయాయి. ఆసుపత్రుల నుంచి ఒకటే ఫోన్లు. డైరెక్టర్ గారు ఆవిడకి మెయిల్ మొదలుపెట్టారు. కుశలం గారు వెళ్ళి కీబోర్డ్ మీద చెయ్యి అడ్డం పెట్టారు.

“సాయంత్రం దాకా ఆగండి. అప్పటికీ కాకపోతే నన్ను తీసెయ్యండి.”

డైరెక్టర్ గారికి ఒకరిని తీసేసే ఓపిక కూడా లేదు. “కానివ్వండి” అన్నారు.

అక్క ఆర్డర్లు ఫోన్లో విని గోదాముకి చెబుతూ గొంతు పోగొట్టుకుంది. కుశలం గారూ నేనూ ఆవిడ కోడ్‌లోకి దిగాం. డేటాబేస్‌తో పని అయిపోయిన కనెక్షన్లను అది వదలకుండా పట్టుకుని కూర్చోవడంతో కొత్త ఆర్డర్లకి దారి దొరకడం లేదు. పొద్దు వాలేలోపు సరిచేశాం. మందులు కదిలాయి. నా మెడ మాత్రం కదల్లేదు.

కొన్నాళ్ళకి ఆవిడే ఆఫీసుకి ఫోన్ చేసింది. కుశలం గారు భోజనానికి వెళ్ళారు. నేనెత్తాను.

“మావారు లేచి నడుస్తున్నారని మీ సీనియర్ గారికి చెప్పండి.”

“ఏమైందండీ మీవారికి?”

“పెద్ద ఆపరేషన్. ఆ రోజుల్లో మెయిల్ తెరిస్తే నా లైబ్రరీ వాడే కంపెనీల కేకలే, అర్జెంటు అర్జెంటు అని. లైబ్రరీనే తీసిపారేద్దామనుకున్నా. మీ సీనియర్ గారు ఫోన్ చేస్తే ఇంకో కేక అనుకుని గట్టిగా తిడదామని నోరు తెరిచా. ‘ఎలా ఉన్నారమ్మా’ అన్నారు. ఇక ఏం తిడతాను? అప్పట్నుంచీ ఆ కంపెనీలన్నిటికీ ఆయనే జవాబులు రాస్తున్నారు. ఇక నేను చూసుకుంటానని చెప్పండి.”

కుశలం గారు చేతులు తుడుచుకుంటూ వచ్చారు. అంతా చెప్పి, “మాతో ఒక్క మాట అనొచ్చు కదండీ” అన్నాను.

“ఆవిడ ఇంటి సంగతి మన మీటింగులో ఎందుకు?” అన్నారు. ఆవిడ భర్త నడుస్తున్నాడన్న మాట మళ్ళీ ఒకసారి చెప్పించుకుని విన్నారు. తర్వాత, “ఆవిడకి అప్పజెప్పేలోపు సరిచేయాల్సిన తప్పులు ఇంకా రెండు మూడున్నాయి. కాసేపు కూర్చుంటావా?” అన్నారు.

మెడనొప్పి అని చెబుదామనుకున్నాను. ఆయన అప్పటికే నా కుర్చీ తన బల్ల దగ్గరికి లాక్కెళ్ళిపోతున్నారు.