నాలుగో గిలాస

మా మామ జలపతి మస్కట్ పని మానేసి కోరుట్లకు తిరిగొచ్చినప్పుడు మూడు తెచ్చాడు. పులి బొమ్మ దుప్పటి, డబ్బా నిండా యాలకులు, ఒక ఒట్టు. దుప్పటిని మా అత్తమ్మ రాములవ్వ పెట్టెలో పెట్టి తాళం వేసింది. యాలకులు మామ చొక్కా జేబులోకి చేరాయి. చాయ్ తాగినప్పుడల్లా ఒకటి నలిపి వేసుకోనిదే ఆయనకు గొంతు దిగదు. ఒట్టు మాత్రం అత్తాకోడళ్ళం మా ఇద్దరి నెత్తిన పడింది.

“ఇరవై రెండేండ్లు క్యాంపుల నిన్నటి కూరే తిన్న. శుక్రవారం వండుకుంటే సోమవారం దాంక అదే. వేడిజేసుడు, తినుడు, మళ్ళ వేడిజేసుడు. ఇగ నా పల్లెంలకు నిన్నటిది రావద్దు. అస్తే పల్లెం ఇసిరికొడ్త,” అన్నాడు, వచ్చిన మొదటి రోజే.

“సరే తియ్,” అంది అత్తమ్మ.

ఆమె నోట సరే అన్న మాట వస్తే నాకు భయం. నేను సిరిసిల్ల నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చి రెండేళ్ళయింది. నా పెళ్ళయిన మూడో నెలలోనే మా ఆయన రంజిత్ కూడా మస్కట్ విమానం ఎక్కాడు కాబట్టి, నేను ఈ ఇంట్లో ఎక్కువగా కాపురం చేసింది అత్తమ్మతోనే. ఆమె సంగతి నాకు తెలుసు. మెతుకు పారెయ్యదు. బీరకాయ చెక్కితే పొట్టు పచ్చడవుతుంది. సల్ల, అదే మజ్జిగ, పులిసిపోతే పసుపేసి, మెంతులు పోపేసి చారు కాస్తుంది. ఇడ్లీలు మిగిలితే చేత్తో చిదిమి ఉల్లిగడ్డతో వేయిస్తుంది. చపాతీలు గట్టిపడితే తుంచి, బెల్లం, నెయ్యి వేసి దంచి మలీద ముద్దలు కడుతుంది. మరీ వాసన వచ్చిందంటే మాత్రం మొహమాటం లేదు.

“పాసిపోయింది బర్రెకు, మిగిలింది మనకు. గీ రెండిట్ల తేడా ముక్కుకు ఎరుక,” అంటుంది.

ఇలాంటి మనిషి ఒట్టు వింటుందా? మర్నాడు పొద్దున్నే రాత్రి అన్నాన్ని మెత్తగా పిసికి, గుప్పెడు శనగపిండి, జీలకర్ర, పచ్చిమిర్చి కలిపి పకోడీలు వేసింది. మామ రెండు పళ్ళేలు తిన్నాడు.

“గిట్ల తాజాగ తిని ఎన్నేండ్లయిందో!” అన్నాడు, కళ్ళు మూసుకుని.

అత్తమ్మ నా వైపు చూడలేదు. చూస్తే ఇద్దరం నవ్వి దొరికిపోయేవాళ్ళం.

అలా మొదలైంది మా దొంగతనం. టమాట పప్పు మిగిలితే గోధుమపిండిలో కలిపి రొట్టెలు. “హోటల్ల గూడ దొరకయి,” అన్నాడు మామ. ఆలుగడ్డ కూర మిగిలితే నిన్నటి రొట్టె మధ్యలో పెట్టి పెనం మీద కాల్చడం. దానికి అత్తమ్మ ఏదో ఇంగ్లీషు పేరు కూడా పెట్టింది, నాకు నోరు తిరగలేదు, ఆమెకూ రెండోసారి తిరగలేదు. అన్నం మరీ ఎక్కువైతే కారం, ఉప్పు, నువ్వులు కలిపి డాబా మీద వడియాలు. మామ వాటిని బజారులో కొన్నవే అనుకుని, కొట్టు ఎక్కడో చెప్పమని వారం రోజులు వెంటపడ్డాడు.

నాకు ఒక్కటే అర్థమయ్యేది కాదు. ముగ్గురమే మనుషులం. రోజూ అంత మిగలడం ఏమిటి? అత్తమ్మ చెయ్యి పెద్దది కాబోలు అనుకున్నాను. బియ్యం డబ్బాలో ఆమెదొక ఇత్తడి గ్లాసు ఉంటుంది, అంచు సొట్టపోయింది. దాన్ని నన్ను కూడా ముట్టనిచ్చేది కాదు. “బియ్యం నేనే కొలుస్త బిడ్డ, నువ్వు పప్పు జూడు,” అనేది. అత్త పెత్తనం కాబోలు అని లోపల గొణుక్కునేదాన్ని. ఎన్ని చెప్పినా నేనూ కోడలినే కదా.

రెండు నెలలకు మామకు అనుమానం వచ్చింది. రోజూ అన్నం గంజు నిండా వండుతుంటే ఇంట్లో మిగిలినది ఎక్కడికి పోతోంది? బర్రె ఏమీ బలియలేదు. సాయంత్రం పూట ఫ్రిజ్ తెరిచి గిన్నెల మూతలన్నీ ఎత్తి చూడటం మొదలుపెట్టాడు. అయితే మా గిన్నెలు ఫ్రిజ్‌లో ఉంటేగా! నా గదిలో, కిటికీ కింద, నీళ్ళు పోసిన మట్టి మూకుడులో చల్లగా కూర్చుని ఉండేవి. మామ కోడలి గది గడప తొక్కే మనిషి కాదు. పాపం, ఆయన మర్యాదే మాకు తాళంచెవి అయింది.

ఒకరోజు తిక్కరేగి, అత్తమ్మను వంటింటి గుమ్మంలో నిలబెట్టి అడిగాడు.

“నిజం జెప్పు. నిన్నటిది వెడ్తున్నవా?”

“నీకు ఎన్నడన్న నిన్నటి దాని లెక్క వాసన గొట్టిందా?” అంది అత్తమ్మ. అబద్ధం చెప్పలేదు చూడండి.

“సరే. ఒక్కసారి దొరుకు. దొరికిన్నాడు గా ఇత్తడి గిలాస నా చేతికియ్యాలె. బియ్యం నేనే కొలుస్త. ముగ్గురికి మూడు గిలాసలు. మిగిలేదే ఉండదు.”

మాటకు మాట అప్పజెప్పే మా అత్తమ్మ ఆ మాటకు తల దించుకుంది. మొహం చిన్నబోయింది. గ్లాసును కొంగులో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఇంత గడుసు మనిషి ఒక సొట్ట గ్లాసుకు ఇంతగా వణకడమేమిటని నాకు ఆశ్చర్యమేసింది. ఆ రోజు నుంచి మాత్రం మేమిద్దరం చాలా జాగ్రత్తగా ఉన్నాం. ఉన్నామనే అనుకున్నాం.

ఆ శనివారం కందిపప్పు మిగిలింది. మామ మాకంటే తర్వాత తిన్నాడు, తనే వడ్డించుకున్నాడు, ఎన్నడూ లేనిది పప్పు గిన్నె మీద మూత కూడా తనే పెట్టాడు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు. మర్నాడు పొద్దున రాయికల్ నుంచి లింగన్న వస్తున్నాడన్న హడావుడిలో ఉన్నాను. లింగన్న మస్కట్‌లో మామతో ఒకే గదిలో పదిహేనేళ్ళు ఉన్నాడు. అక్కడి శుక్రవారం కూరలో ఆయనదీ వాటానే.

ఆదివారం పొద్దున అత్తమ్మ సర్వప్పకు కూర్చుంది. బియ్యపు పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లిగడ్డ, కరివేపాకు. పిండి తడపడానికి నీళ్ళకు బదులు రాత్రి పప్పు. పప్పుతో కలిపితే పైన కరకర, లోపల మెత్తన. లోతు గంజు అడుగున చేత్తో పలచగా అద్ది, వేలితో బొక్కలు పొడిచి, ఒక్కో బొక్కలో నూనె చుక్కలు వేసి మూత పెట్టింది. వాసన వాకిట్లోకి పోయింది.

“లింగన్నా, మా ఇంట్ల నిన్నటిది అనే ముచ్చటే లేదు. అన్నీ గప్పుడు గప్పుడు జేసుడే,” అంటున్నాడు మామ, మూడో ముక్క నములుతూ. “గిది జూడు. మనం గక్కడ ఏం తిన్నం, మన్ను!”

“మస్తున్నది వదినే,” అంటూ లింగన్న పెద్ద ముక్క కొరికి, ఆగిపోయాడు. నోట్లోంచి ఏదో తీసి అరచేతిలో పెట్టుకుని చూశాడు. “సర్వప్పల యాలక్కాయ ఏంది వదినే? కోరుట్ల దిక్కు గిదొక పద్ధతా?”

“దొరికింది!” అని మామ ఎగిరి లేచాడు. “నేనే ఏసిన! నిన్న రాత్రి పప్పుల నేనే ఏసిన! గదే పప్పు గిది!”

అత్తమ్మ చేతిలో అట్లకాడ అలాగే ఆగింది. పిండి పిసికేటప్పుడు అది చేతికి తగిలిందట, పల్లీ కాబోలు అనుకుందట.

లింగన్న అరచేతిలోని యాలక్కాయను చూశాడు, మామ పళ్ళెం చూశాడు, నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. “అంటే గిది నిన్నటి పప్పా? నువ్వు మూడు ముక్కలు తిన్నవు గదనే! మన రూంల గిట్ల చేసేటోడుంటే నేను ఇంకో పదేండ్లు ఉండేటోన్ని!”

మామ మొహం మాడిపోయింది. వల వేసింది ఆయనే, చిక్కింది ఆయనే. ఇసిరికొడతానన్న పళ్ళెం ఖాళీగా ఉంది మరి, విసరడానికి ఏముంది? అయినా మాట మాటే. లింగన్నను సాగనంపి వచ్చి, చెయ్యి చాపాడు.

“గిలాస.”

అత్తమ్మ లోపలికి వెళ్ళింది. బియ్యం డబ్బాలోంచి గ్లాసు తీసి, కొంగుతో తుడిచి, ఆయన చేతిలో పెట్టింది.

సాయంత్రం మామ దర్జాగా పీట వేసుకుని డబ్బా ముందు కూర్చున్నాడు. ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కపెడుతూ పోశాడు. డబ్బా మూత పెట్టబోయాడు.

“ఇంకొకటి వొయ్యి,” అంది అత్తమ్మ గుమ్మంలోంచి.

“ఎవలకు?”

“పిలగానికి.”

“వాడు మస్కట్ల ఉన్నడు గదనే!”

“నువ్వు గూడ ఉన్నవు. ఇరవై రెండేండ్లు ఉన్నవు. నీ గిలాస ఒక్కనాడన్న తీసేసిన్నా?”

మామకు అర్థం కాలేదు. నాకు అప్పుడే కొంచెం కొంచెం అర్థమవుతోంది.

“బతికున్న మనిషి బువ్వ తగ్గించద్దని మీ అమ్మనే చెప్పింది, నువ్వు పోయిన్నాడు. దూరమున్నా సరే, ఇంటి గంజుల ఆయన గిలాస పడాలె అన్నది. గా ముసలామె పోయినంక గూడ నేను వోస్తనే ఉన్న. పిలగాడు పోయిండు, నువ్వు అచ్చినవు. నీ గిలాస నీకే అయింది, వాని గిలాస మిగులుతున్నది. రోజు మిగిలేది గదే.”

మామ గ్లాసును అటూ ఇటూ తిప్పి చూశాడు. దాని సొట్ట అంచు మీద వేలు రాస్తూ అడిగాడు.

“మరి నా బువ్వ... గిన్నేండ్లు ఎవలు తిన్నరు?”

“ఎవలు తింటరు? నేనే. తెల్లారి సద్ది.”

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా. రెండేళ్ళుగా ఈమెది పెత్తనం అనుకున్నాను. నా మొగుడి గ్లాసును రోజూ నా కళ్ళ ముందే కొలిచి పోస్తుంటే, చెయ్యి పెద్దదనుకున్నాను.

మామ మళ్ళీ డబ్బా మీదికి వంగాడు. నాలుగో గ్లాసు ముంచాడు. అంచు దాకా నింపి, సరిపోలేదనిపించిందేమో, పైన గుప్పెడు కుప్పగా పోశాడు. బియ్యం పీట మీదికి రాలింది. రాలిన గింజలు ఒక్కొక్కటే ఏరాడు.

తెల్లారి నేను లేచేసరికి మామ వంటింట్లో ఉన్నాడు. నా గది గడప తొక్కలేడు కాబట్టి, రాత్రే అత్తమ్మతో గిన్నె బయట పెట్టించుకున్నాడట. సద్ది అన్నంలో సల్ల పోసుకుని, ఉల్లిగడ్డ గుద్ది, పచ్చిమిర్చి కొరుకుతూ తింటున్నాడు. అప్పుడే రంజిత్ వీడియో కాల్ చేశాడు, డ్యూటీకి పోయే ముందు. నేను ఫోన్ మామ వైపు తిప్పాను.

“బాపూ, ఏం తింటున్నవు?”

“నీ బువ్వ.”

“నా బువ్వ నువ్వెందుకు తింటున్నవే?”

“నా బువ్వ ఇరవై రెండేండ్లు మీ అమ్మ తిన్నది కొడుకా,” అన్నాడు మామ. “నీది నేను తింట.”

అత్తమ్మ పొయ్యి ముందు అటు తిరిగి కూర్చుంది. కాసేపటికి ముక్కు చీది, అటు తిరిగే అంది.

“తిన్నోడే గిన్నె గడగాలె. గా ఒట్టు గూడ వెట్టుకో.”

మామ లేచి గిన్నె కడిగాడు. అడుగున రెండు మెతుకులు వదిలేశాడు, అత్తమ్మ మళ్ళీ కడిగించింది.