కొత్త ఫోన్‌లో ఆలస్యంగా మోగిన అలారం

2024లో, ప్రసూతి సెలవు ముగిశాక, నర్సీపట్నంలో మా ఇంటి ముందుగదిలోంచే మళ్లీ పనిలో చేరాను. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. యాప్ జనం చేతికి వెళ్లేలోపు దానిలో తప్పులు వెతకడం నా పని. మావారి ఉద్యోగం విశాఖలో, ఆదివారాలే వస్తారు. మిగతా రోజుల్లో బాబు ఏడుపు, లాప్‌టాప్‌లోంచి వచ్చే గొంతులు, అంతే. ఆ గొంతుల్లో చాలావాటి ముఖాలు నేను చూడనే లేదు.

అప్పట్లో మాది మాత్రలు వేసుకునే వేళ గుర్తుచేసే యాప్. అప్పటికే జనం వాడుతున్నదే, దానికి మరో కొత్త రిలీజ్ సిద్ధం చేస్తున్నాం. టెస్టింగ్ అంతా పాత ఆండ్రాయిడ్ వెర్షన్ మీదే సాగేది. కొత్త ఆండ్రాయిడ్‌కి ఎప్పుడు మారాలన్నది ప్రతి ప్రాజెక్టులో ఉండే తగువే. తొందరపడితే పని రెట్టింపు, ఆలస్యమైతే ప్రమాదం. ఈసారి రిలీజ్ అయ్యాకే మారదామని మా టీమ్ లీడ్ ప్రవీణ్ గారు ప్లాన్ వేశారు.

రిలీజ్ దగ్గరపడ్డాక, మా యాప్ వాడుతున్న పక్కింటి వరలక్ష్మక్క పెరటి గోడ మీంచి పిలిచింది.

"ఏటే భవానీ, నీ యాప్ బద్దకం నేర్సుకుందేటి? కొత్త ఫోన్ కొన్నకాడ్నించీ మీ బావ మాత్ర టైం దాటిపోయాక అరుస్తంది."

"పాత ఫోన్‌లో బాగానే ఉండేదా అక్కా?"

"ఠంచనుగా అరిసేది. దీనికంటే కొత్త కోడలు నయం, బేగి లేస్తాది."

నవ్వలేకపోయాను. బావగారికి మూర్ఛ. మాత్ర వేళ తప్పితే మళ్లీ పడిపోతారేమో. ఫోన్ తీసుకుని చూశాను. కొత్త ఆండ్రాయిడ్ వెర్షన్‌లో, అనుకున్న నిమిషానికే అలారం మోగాలంటే ఫోన్ వాడేవాళ్లు అనుమతి ఇవ్వాలి. మా యాప్ అది అడగనే లేదు. మేం విడుదల చేయబోయేదీ అంతే. అక్క ఫోన్‌లో నేనే అనుమతి ఇచ్చాను. మరి మిగతావాళ్ల సంగతి?

మర్నాడు మీటింగ్‌లో ప్రవీణ్ గారు "అన్నీ పాసయ్యాయి కదా, సైన్ ఆఫ్ ఇచ్చేయండి భవానీ" అన్నారు. సైన్ ఆఫ్ అంటే, బయటికి పంపవచ్చని టెస్టర్ ఇచ్చే మాట. సెలవు నుంచి వచ్చినదాన్ని వెంటనే అడ్డం పడితే ఉద్యోగం ఉంటుందా? బాబుని భుజాన వేసుకునే మ్యూట్ తీశాను.

"ఇవ్వలేనండీ. ముందు కొత్త వెర్షన్ మీద టెస్ట్ చేయాలి."

"అది తర్వాత అనుకున్నాం కదా?"

"మనం అనుకున్నప్పుడు మా పక్కింటావిడ దగ్గర పాత ఫోన్ ఉండేదండీ. ఇప్పుడు మార్చేశారు, అందులో మన అలారం ఆలస్యంగా మోగుతోంది. వాళ్లాయనకి మూర్ఛ."

ప్రవీణ్ గారు "సరే, ఆపుదాం" అన్నారు.

అనుమతి అడిగే స్క్రీన్ చేర్చాకే కొత్త రిలీజ్ బయటికి వెళ్లింది. ఎవరూ నన్ను మెచ్చుకోలేదు, తిట్టలేదు. టెస్టర్ పని సరిగ్గా జరిగితే బయట ఏమీ జరగదు. ఆ సంగతి చెప్పుకుందామన్నా ఇంట్లో బాబు తప్ప ఇంకెవరూ లేరు.

ఎక్కువమంది మారాక మనమూ మారదామనుకుంటాం. కానీ కొత్త వెర్షన్‌లోకి మొదట వెళ్లిన మనిషికి అక్కడ తోడెవరూ ఉండరు. ఏదైనా చెడితే ఎందుకో చెప్పేవాళ్లూ ఉండరు. ఆ మనిషి కంటే ముందే మా టెస్టర్లలో ఒకరు అక్కడికి వెళ్లి ఉండాలి.